ట్యూబు చేసే పని, సూది చేసే పని

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే మా మెడికల్ షాపుకి వచ్చేవాళ్ల ప్రశ్నలు మారిపోతాయి. షుగర్ బిళ్లల చీటీ చేతిలో పెట్టి, పక్కన ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, గొంతు తగ్గించి అడుగుతారు: "ఏమండీ, ఈ ముడతలు క్రీము రాస్తే పోతాయా, ఇంజెక్షనే చేయించుకోవాలా?" అడిగేది ఆడవాళ్లే అనుకోకండి. అల్లుడి పక్కన ఫొటోలో నిలబడాల్సిన మామగార్లు కూడా అడుగుతున్నారు.

జ్వరం వస్తే ముందు బిళ్ల, తగ్గకపోతే సూది, అప్పటికీ తగ్గకపోతే సెలైన్. ఈ వరసలో పెరిగాం మనం. "ఒక సూది వెయ్యండి డాక్టరు గారూ" అని అడిగి మరీ వేయించుకునే అలవాటు మనది. ఇప్పుడు ముఖానికీ అదే వరస పట్టుకొచ్చాం. చిన్న వయసులో మాయిశ్చరైజర్, ముప్ఫై దాటితే సీరమ్, నలభై దాటి చేతిలో డబ్బుంటే ఇంజెక్షన్. క్రీములు వాడేవాళ్లంతా సూదికి ధైర్యమో స్తోమతో లేనివాళ్లని లోపల ఒక లెక్క.

నేను ఫార్మసిస్టుని, చర్మం డాక్టర్ని కాను. అయినా గుంటూరులో ఇన్నేళ్లుగా కౌంటర్ వెనక నిలబడ్డాక ఈ ఒక్క సంగతి గట్టిగా చెప్పగలను. క్రీము సరిపోనప్పుడు వాడే పెద్ద మందు కాదు సూది. రెండూ వెళ్లే చోట్లు వేరు, చేసే పనులు వేరు. ఒకదాని పని రెండోదానితో చేయించబోతాం చూడండి, మన డబ్బు పోయేది అక్కడే.

కనుబొమల మధ్య నిలువుగా పడే రెండు గీతల్నే తీసుకోండి. కోపం వచ్చినా, ఫోన్లో చిన్న అక్షరాలు చదివినా, ఎండలో కళ్లు చికిలించినా అక్కడి కండరాలు ముడుచుకుంటాయి. ఏళ్ల తరబడి అలా ముడుచుకోగా ముడుచుకోగా, ముఖం ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా గీత అలాగే ఉండిపోతుంది. కనబడేది చర్మం మీదే గానీ, దాన్ని గీస్తున్నది కింద ఉన్న కండరం. క్రీము అక్కడిదాకా పోదు. చర్మం పైపొర చనిపోయిన కణాల వరసలే, మామూలు కాగితం మందంలో ఐదో వంతు ఉంటే ఎక్కువ. కానీ మహా గట్టి కాపలాదారు. 500 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) కంటే బరువైన అణువు ఆ పొరని దాటడం కష్టమని 2000లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు ఇద్దరు ఒక లెక్క చెప్పారు. చర్మానికి పూసే మందుల తయారీలో ఈరోజుకీ దాన్నే కొలతగా పెట్టుకుంటారు. ఈ గీతలకి వేసే ఇంజెక్షనే బొటాక్స్. అందులో పనిచేసేది బొటులినమ్ టాక్సిన్ అనే విషం, దాని అణువు బరువు లక్షా యాభై వేల డాల్టన్లు. కాబట్టి "సూది లేని బొటాక్స్" అని డబ్బా మీద రాసి ఉంటే, ఆ డబ్బాని మళ్లీ అరలో పెట్టేయొచ్చు.

బొటాక్స్ పుట్టిందే అందం కోసం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు మెల్లకన్నుకి ఆపరేషన్ లేకుండా వైద్యం చేయాలని ఈ విషాన్ని అతి చిన్న మోతాదుల్లో వాడి చూశాడు. మెల్లకన్నుకీ, కనురెప్పలు ఆగకుండా కొట్టుకునే జబ్బుకీ 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది. కెనడాలోని వాంకూవర్‌లో జీన్ కరూథర్స్ అనే కంటి డాక్టరు ఆ రెప్పల జబ్బుకే ఇంజెక్షన్ ఇస్తుంటే, ఒక పేషెంటు కనుబొమల మధ్య కూడా వేయమని పేచీ పెట్టిందట, అక్కడ వేసినప్పుడల్లా ముఖం ప్రశాంతంగా కనిపిస్తోందని. జీన్ భర్త అలస్టెయిర్ చర్మ వైద్యుడు. ఇద్దరూ కలిసి 1992లో ఆ సంగతిని వైద్య పత్రికలో రాశారు. కనుబొమల మధ్య గీతలకి అమెరికా అనుమతి 2002లో గానీ రాలేదు. నరం నుంచి కండరానికి వెళ్లే సందేశాన్ని అది ఆపుతుంది, అంతే. మూడు నాలుగు రోజుల్లో పని మొదలై, రెండు వారాలకి పూర్తి ఫలితం కనిపిస్తుంది. మూడు నాలుగు నెలలకి నరం మళ్లీ పని అందుకుంటుంది, గీత మళ్లీ వస్తుంది.

మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, తన కూతురి పెళ్లికి షికాగో నుంచి వచ్చినప్పుడు హైదరాబాదులో దిగి దిగగానే ఇదే చేయించుకుంది. నేనేదో సణుగుతుంటే, "ఏమే, నీ ట్యూబులు నువ్వు ఇంకో పదేళ్లు రుద్దుకో. నాకు మూడు వారాల్లో పెళ్లి" అంది. నిజం చెప్పాలంటే తన మాటే కరెక్టు. పెళ్లినాటికి ఆ రెండు గీతలు లేవు, ముఖం కొయ్యబారిపోనూ లేదు. ఆ పనికి ఆ సూదే మందు. నా షాపులో ఉన్న ఏ ట్యూబూ మూడు వారాల్లో కాదు కదా మూడేళ్లలో కూడా ఆ పని చేయదు.

ఇక సూది వల్ల కాని పని. బుగ్గల మీద, కళ్ల కింద పలచని కాగితం నలిగినట్టు సన్నటి గీతలు పడి చర్మం గరుకుగా, మచ్చమచ్చలుగా తయారవుతుందే, దానికి చాలావరకు కారణం ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలిన ప్రతిసారీ చర్మంలో, దాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ని కొరికేసే ఎంజైములు పుట్టుకొస్తాయి. బొటాక్స్ కండరాన్ని పడుకోబెట్టగలదు గానీ పాడైన కొల్లాజెన్‌ని బాగుచేయలేదు. ఇక్కడ పనికొచ్చేది ట్రెటినాయిన్ అనే పూతమందు. అణువు బరువు 300 డాల్టన్లే కాబట్టి కాపలాదారు దాటనిస్తాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ దీన్ని మొటిమలకి వాడుతుంటే, నడివయసు ఆడవాళ్లు మొటిమలతోపాటు ముడతలూ తగ్గుతున్నాయని చెప్పారు. (ఈ క్లిగ్‌మనే ఫిలడెల్ఫియా హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల ఒంటి మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసినవాడు. మందు మంచిదైనంత మాత్రాన మనిషి చరిత్ర మంచిదవ్వదు.) 1988లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు కొందరికి నిజం క్రీము, కొందరికి ఉత్త క్రీము ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో పేషెంట్లకీ డాక్టర్లకీ కూడా తెలియకుండా పదహారు వారాలు పరీక్షించారు. ముడతలు తగ్గిన మాట నిజమేనని తేలింది. రాసుకున్నవాళ్లలో ఎక్కువమందికి చర్మం ఎర్రబడి పొట్టు రాలిందనీ తేలింది.

ఆ రెండో సంగతే మన దగ్గర ఎవరూ చెప్పరు. ట్రెటినాయిన్ 0.025 శాతం ట్యూబు రెండు మూడు వందల్లో వస్తుంది. చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన మందు. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు వాడకూడదు. రాత్రిపూట, ముఖం బాగా ఆరాక, మొత్తం ముఖానికి ఒక్క శనగగింజంత. మొదట వారానికి రెండు రోజులు చాలు. మూడో రోజే "మంట పుడుతోందండీ, పడలేదు" అని ట్యూబు వెనక్కి తెచ్చేవాళ్లు ఉంటారు. అడిగితే చట్నీలో నూనె వేసినట్టు దండిగా పట్టించారని తెలుస్తుంది. మంట తగ్గేదాకా ఆగి, తక్కువ రాసి, పైన మాయిశ్చరైజర్ వేసి, మూడు నాలుగు నెలలు ఓపిక పడితే గానీ అద్దంలో తేడా కనిపించదు. సీరమ్‌లలో వచ్చే రెటినాల్ దీనికి చెల్లెలి వరస. చర్మంలోకి వెళ్లాక రెండు మెట్లు మారి ఇదే అవుతుంది కాబట్టి మంట తక్కువ, పని కూడా తక్కువే. ధర మాత్రం చాలాసార్లు అక్కకంటే పదింతలు!

ఇక్కడే ఇంకో మాట. ముడతల మీద విదేశాల్లో జరిగిన చర్చంతా ప్రధానంగా తెల్లచర్మాన్ని దృష్టిలో పెట్టుకున్నది. మన రంగు చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ కాబట్టి ముడత ఆలస్యంగా వస్తుంది, మచ్చ తొందరగా వస్తుంది. నలభై ఏళ్ల మన ఆడవాళ్ల ముఖంలో వయసు కనిపించేది గీతల్లో కాదు, బుగ్గల మీద మంగు మచ్చల్లో, నోటి చుట్టూ నల్లబడటంలో. బొటాక్స్‌కీ, లోతు గీతల్ని పూడ్చే ఇంజెక్షన్ ఫిల్లర్‌కీ మంగుతో సంబంధమే లేదు. వేలకు వేలు పోసి నుదురు నున్నగా చేయించుకుని, బుగ్గల మీద మంగుతో తిరిగి వచ్చేవాళ్లని చూస్తుంటాను.

మరి ఆ మంగుకి మనవాళ్లు ఏం రాస్తున్నారు? పార్లర్ అమ్మాయో, పక్కింటావిడో ట్యూబు రంగు చెబుతుంది. అది పట్టుకుని మా దగ్గరికి వస్తారు. అందులో ఉండేవి మూడు: మచ్చ రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. ఇలా మూడూ కలిపే పద్ధతి కూడా ఆ క్లిగ్‌మన్‌దే, 1975 నాటిది. డాక్టరు చూసి కొన్ని వారాలకి రాసిస్తే మంచి మందు. మన మార్కెట్లో మాత్రం చాలా బ్రాండ్లలో మొమెటాసోన్ అనే గట్టి స్టెరాయిడ్ వేస్తారు, దాన్ని జనం ఫెయిర్‌నెస్ క్రీములా నెలల తరబడి పూస్తారు. మొదటి నెల ముఖం మెరిసిపోతుంది. ఆ మెరుపే కొంప ముంచుతుంది. తర్వాత చర్మం పలచబడి లోపలి సన్నటి రక్తనాళాలు ఎర్రటి దారాల్లా బయటపడతాయి, గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి, ఎండలోకి వెళ్తే భగ్గుమంటుంది. మానేసిన వారానికి ముఖం ఉబ్బి మండుతుంది కాబట్టి మళ్లీ అదే ట్యూబు కోసం పరిగెత్తుకొస్తారు. చర్మ వైద్యుల సంఘం ఏళ్లపాటు మొత్తుకుంటే 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతల్ని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా చీటీ అడిగితే నా మీద కోప్పడి నాలుగు షాపుల అవతలికి వెళ్లి కొనుక్కునేవాళ్లు ఉన్నారు. ఇంజెక్షన్ అంటే భయపడే మనిషే ఈ ట్యూబుని పౌడర్‌లా పూస్తుంది. క్రీము కదా, ఏం చేస్తుందిలే అన్న ధీమా.

సూది మంచిదా క్రీము మంచిదా అని అడిగేవాళ్లకి నేను ఈ ట్యూబు కథ చెబుతాను. పైన పూసేది కాబట్టి సేఫ్ అనుకోవడం ఎంత పొరపాటో, లోపలికి గుచ్చేది కాబట్టి పవర్‌ఫుల్ అనుకోవడం కూడా అంతే పొరపాటు.

ఆ రెండో పొరపాటు బాగా కనిపించేది హైడ్రేషన్, అంటే చర్మానికి తేమ పట్టించడం దగ్గర. ఈ మధ్య క్లినిక్కుల్లో అన్నిటికన్నా ఎక్కువ వినబడే మాట ఇదే. మా అక్కకి బొటాక్స్ చేసిన చోటే "మీ స్కిన్ బాగా డీహైడ్రేట్ అయిందండీ" అని చెప్పి స్కిన్ బూస్టర్ కూడా అంటగట్టారు. బొటాక్స్ కంటే దానికే ఎక్కువ వదిలింది. బూస్టర్ అంటే హయలురోనిక్ ఆసిడ్ జెల్లు. దాన్ని సన్నటి సూదితో చర్మం మధ్యపొరలో చుక్కలు చుక్కలుగా వేస్తారు. ఈ పదార్థం కొత్తదేమీ కాదు. 1934లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని జిగట ద్రవం నుంచి దీన్ని వేరుచేశారు. మన చర్మంలోనూ సహజంగానే ఉంటుంది, నీళ్లని పట్టి ఉంచుతుంది. బుగ్గల నునుపు కోసం స్కిన్‌వైవ్ అనే బూస్టర్‌కి 2023లో అమెరికా అనుమతి ఇచ్చింది, ఫలితం ఆరు నెలలు ఉంటుందని. కాబట్టి బూస్టర్ బూటకమని నేను అనను. మధ్యపొరలో నిండుతనం వస్తుంది, వెలుతురు పడితే బుగ్గ నున్నగా కనిపిస్తుంది.

కానీ అక్క బాధ మధ్యపొరలో లేదు. ముక్కు పక్కన పొట్టు రాలుతోంది, పెదవుల మూలలు చిట్లాయి, మేకప్ వేస్తే అట్టలు కడుతోంది. బూస్టర్ వేయించుకున్న పది రోజులకి కూడా అలాగే ఉంటే, "ఇంకో సిట్టింగ్ కావాలంటున్నారే" అని ఫోన్ చేసింది. రాత్రి ముఖానికి ఏమేం రాస్తున్నావో అన్నీ తెచ్చి చూపించమన్నాను. నురగ బాగా వచ్చే ఫేస్‌వాష్, ఆసిడ్ టోనర్, దాని మీద రెటినాల్. షికాగోలో చలికాలమంతా ఇంట్లో హీటర్ గాలి. చాలదన్నట్టు ఇక్కడికి రాగానే పెద్దమ్మ సున్నిపిండి పెట్టి రుద్దించింది! పైపొరలో కణాల మధ్య ఉండే కొవ్వు పదార్థాలన్నీ ఊడ్చుకుపోతే లోపలి నీళ్లు ఆవిరైపోతుంటాయి. మధ్యపొరలో ఎంత జెల్లు నింపినా పైనుంచి కారిపోయేదాన్ని అది ఆపలేదు. టోనర్, రెటినాల్, సున్నిపిండి మూడూ ఆపించి, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ తడి ముఖం మీదే రాసుకుని, పొట్టు రాలే చోట పైన పలచగా వాజిలిన్ పూయమన్నాను. పెళ్లికూతుర్ని చేసే రోజుకి పొట్టు లేదు. మొత్తం ఖర్చు ఆ క్లినిక్కుకి వెళ్లొచ్చిన క్యాబ్ చార్జీ అంత కూడా కాలేదు.

ఇందులో మాయ లేదు. గ్లిజరిన్ నీళ్లని పట్టి ఉంచుతుంది, సెరమైడ్‌లు పోయిన కొవ్వుని పూడుస్తాయి, వాజిలిన్ లాంటిది మూతపెట్టి ఆవిరి పోకుండా చూస్తుంది. మన అమ్మలు చలికాలం గ్లిజరిన్ సీసా తెప్పించేవాళ్లు గుర్తుందా? అదే ఇప్పుడు ఖరీదైన మాయిశ్చరైజర్లు చాలావాటిలో లేబుల్ మీద రెండో పేరో మూడో పేరో. హయలురోనిక్ ఆసిడ్ సీరమ్ కూడా పైపొర మీద తడి నిలిపే వస్తువే. అందులో పెద్ద అణువు పది లక్షల డాల్టన్లు దాటుతుంది, కాబట్టి "లోలోపలికి ఇంకిపోతుంది" అన్న మాట నమ్మకండి. మూడు లక్షల డాల్టన్ల కొల్లాజెన్ క్రీము సంగతీ అంతే. పైన మంచి మాయిశ్చరైజర్‌గా పనిచేస్తే చేస్తుంది, లోపల కొల్లాజెన్ అవ్వదు. రోజూ నాలుగు లీటర్ల నీళ్లు తాగితే ముఖం మెరుస్తుందన్నది మరో ముచ్చట. దాహం తీరుతుంది, బాత్రూముకి ఎక్కువసార్లు వెళ్తారు.

అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్నది అసలు ముడతల మందే కాదు, సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలోని నాంబూర్ అనే ఊళ్లో 55 ఏళ్లలోపు 903 మంది మీద నాలుగున్నరేళ్లు పరీక్ష జరిపి 2013లో ఫలితాలు ప్రకటించారు. రోజూ తప్పకుండా రాసినవాళ్ల చర్మంలో వయసు గుర్తులు, ఇష్టమైనప్పుడు రాసినవాళ్లకంటే 24 శాతం తక్కువ. ఇరవై ఎనిమిదేళ్లు ట్రక్కు నడిపిన ఒక అమెరికన్ డ్రైవర్ ఫొటో 2012లో వైద్య పత్రికలో వచ్చింది. కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతుంటుంది, కుడి చెంప పదేళ్లు చిన్నవాడిదిలా ఉంటుంది. ముడతలు పుట్టించే కిరణాల్లో ఎక్కువ భాగం అద్దంలోంచి కూడా వచ్చేస్తాయి. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు కాబట్టి ఆ ముచ్చట కుడిచేతి మీద చూడొచ్చు. మా ఆయన రెండు చేతులూ పక్కపక్కన పెడితే కుడిది ఒక ఛాయ నలుపు, మోచేయి కింద గరుకు.

మనవాళ్లతో సన్‌స్క్రీన్ చిక్కేమిటంటే రాస్తారు గానీ చాలినంత రాయరు. తెల్లగా పూసినట్టు కనిపిస్తుందని కాస్తంత తీసి పలచగా పాముతారు. ముఖానికీ మెడకీ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు తీస్తే సుమారుగా సరైన కొలత. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె డబ్బా మీద 50 అని ఉన్నా, సగం రాస్తే అంత రక్షణ రాదు. తెల్లగా కనబడని రకాలు ఇప్పుడు మన దగ్గరే బోలెడు దొరుకుతున్నాయి, అక్క వెళ్తూ ఆవకాయతోపాటు అవీ సర్దుకుంది.

నాతో ఎప్పుడూ వాదించే ఒకావిడ, స్కూల్ టీచరు, అంటుంది: "మీరు చెప్పేవన్నీ నెలలూ ఏళ్లూ పట్టేవి. రోజూ రాత్రి శనగగింజంత, పొద్దున రెండు వేళ్ల పొడవు... ఎవరికి ఓపికండీ? సూదైతే ఒక్కరోజుతో అయిపోతుంది." అయిపోదు. కనుబొమల మధ్య మాత్రమే అయితే అమెరికా అనుమతి ప్రకారం 20 యూనిట్లు, ఐదు చోట్ల. యూనిట్‌కి కొన్ని వందలు. నాలుగు నెలలకోసారి అంటే ఏడాదికి మూడుసార్లు. లెక్క వేసుకుని, భరించగలిగితే చేయించుకోండి, తప్పేం లేదు. గీతలు దాచుకోవాలనుకోవడం సిగ్గుపడాల్సిన విషయమూ కాదు, జుట్టుకి రంగేసుకునే మనం ఆ తీర్పు చెప్పకూడదు. కాకపోతే సూదికి వెళ్లాక కూడా రాత్రి శనగగింజ, పొద్దున రెండు వేళ్లు తప్పవు. నుదురు నున్నగా ఉండి చుట్టూ చర్మం ఎండకి కమిలిపోతుంటే ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

మొన్న అక్క ఫోన్ చేసింది. కనుబొమల మధ్య గీతలు మళ్లీ తొంగిచూస్తున్నాయట, అక్కడే ఎక్కడో చేయించుకుంటానంది. బూస్టర్ ఊసెత్తలేదు. కానీ ఈసారి ముక్కు పక్కనుంచి పెదవుల దాకా దిగే నవ్వు గీతలకి ఫిల్లర్ వేయించుకోనా అని అడిగింది. ఆ గీతలు వేరే రకం. వయసుతో బుగ్గలో కొవ్వు జారి, ఎముక కాస్త తగ్గి ఏర్పడే లోతు. క్రీము దాన్ని పూడ్చలేదు, బొటాక్స్ కూడా పనికిరాదు. ఫిల్లర్ పూడుస్తుంది. అదీ హయలురోనిక్ ఆసిడే, తొందరగా కరిగిపోకుండా అణువుల్ని ఒకదానికొకటి ముడివేసి గట్టిపరిచిన జెల్లు. రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది.

నాకు భయం ఉన్నది ఒక్క దీని దగ్గరే. జెల్లు పొరపాటున రక్తనాళంలోకి పోతే ఆ నాళం మూసుకుపోతుంది. రక్తం అందని చోట చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపు కూడా పోతుంది. ముక్కు చుట్టుపక్కల, కనుబొమల మధ్య ఆ ప్రమాదం ఎక్కువ. వెంటనే గుర్తుపట్టి హయలురోనిడేజ్ అనే ఎంజైము ఎక్కిస్తే జెల్లు కరుగుతుంది. పార్లర్లో వారం రోజుల కోర్సు చేసినావిడ దగ్గర ఆ ఎంజైమూ ఉండదు, చర్మం పాలిపోతే దానర్థమేమిటో గుర్తుపట్టే చదువూ ఉండదు. అందుకే అక్కకి కొన్ని ప్రశ్నలు రాసి పంపాను. గుచ్చేది డాక్టరేనా, చర్మం గానీ ప్లాస్టిక్ సర్జరీ గానీ చదివారా? హయలురోనిడేజ్ అదే గదిలో ఉందా? జెల్లు సిరంజి సీలు నీ కళ్లముందే విప్పుతారా, బ్యాచ్ నంబరు స్టిక్కరు నీ ఫైల్లో అంటిస్తారా? బొటాక్స్ అయితే ఎన్ని ఎమ్మెల్ అని కాదు, ఎన్ని యూనిట్లు అని అడుగు. అది పొడిగా వస్తుంది, సెలైన్ ఎంత ఎక్కువ కలిపితే సిరంజి అంత నిండుగా కనబడుతుంది.

"ఇన్ని అడిగితే వాళ్లు నన్ను లాయరనుకుంటారే" అంది. అనుకోనీ అన్నాను.